తలకట్టు కీ

నా ఉద్యోగంలో నేను నోరెళ్లబెట్టిన సందర్భాలు చాలానే ఉన్నాయి. కాళ్లలో బలం పోయి కుర్చీ పట్టుకుని నిలబడింది మాత్రం ఒక్కసారే. అదీ ఎవరో పోయారన్న కబురు విని కాదు. "అక్కా, తెలుగు పోయింది" అన్న మాట విని.

మీకు నవ్వు రావచ్చు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని చెబితే తెలుగు పడే కాలం మీది. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. అయితే మొత్తం విన్నాక నవ్వండి.

శామీర్‌పేటలో ఆడవాళ్లకు కంప్యూటర్, తెలుగు టైపింగ్ నేర్పే సర్కారు శిక్షణ కేంద్రం ఒకటి ఉంది. నేను అక్కడ ఇన్‌స్ట్రక్టర్‌గా చేసి ఈ ఏడాదే రిటైరయ్యాను. నాగారం నుంచి స్కూటీ మీద వెళ్లి వచ్చేదాన్ని. అలియాబాద్ నుంచి, అటు గౌడవెల్లి నుంచి కూడా అమ్మాయిలు, పెళ్లయి పిల్లలున్నవాళ్లు వచ్చి నేర్చుకునేవారు. నేర్చుకున్నాక కొందరు మేడ్చల్ వైపు ఫ్యాక్టరీల్లో స్టోర్ రూం పనికో బిల్లింగుకో కుదిరేవారు, కొందరు జిరాక్స్ సెంటర్లలో దరఖాస్తులు, పెళ్లిపత్రికలు కొట్టేవారు. నాట్లకీ కలుపుకీ పోయే చేతులకు నీడపట్టున పని దొరకడమంటే వాళ్లకు చిన్న సంగతి కాదు.

కేంద్రంలో మేం ముగ్గురం. కంప్యూటర్ పాఠాలు నావి. మెషీన్లు చూసుకునేవాడు ఒకతను ఉండేవాడు, వయసులో నాకంటే బాగా చిన్న, నోరు మాత్రం పెద్దది. మూడో మనిషి తెలుగు టైపింగ్ నేర్పే ఆమె. అలియాబాద్ ఆవిడ. భర్త శామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు. చెరువు నిండితే ఇల్లు నిండేది, లేకపోతే ఆమె జీతంతోనే నడిచేది. ఆమెది పర్మనెంటు ఉద్యోగం కాదు, ఏటా కాంట్రాక్టు పొడిగించాల్సిందే. టైపింగ్ గది ఉన్నన్నాళ్లే ఆమె ఉంటుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దాని చుట్టే తిరుగుతుంది.

పోయిన ఏడాది వానాకాలంలో మొదటి దెబ్బ తగిలింది. మా కంప్యూటర్లలో ఉన్న సిస్టమ్‌కు ఇకమీదట అప్‌డేట్లు రావనీ, కొత్త సిస్టమ్ వేయాలంటే ఈ పాత మెషీన్లు సరిపోవనీ తేలింది. పొద్దున స్విచ్ వేస్తే లేస్తున్నాయి, సాయంత్రం దాకా పని చేస్తున్నాయి. అలాంటివాటికి బతికుండగానే కాలం చెల్లిందట! నాకు నిజంగా మతిపోయింది. జిల్లా ఆఫీసు నుంచి పెద్దసారు ఫోన్ చేసి, "ఏం జేస్తరో జల్దీ తేల్చుండ్రి. నడవవంటే స్క్రాప్‌ల వేద్దాం, ఆ గది స్టోర్ రూంకు పనికొస్తది" అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. పక్కనే ఉన్న టైపింగామె మొహంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడే ఉచితంగా దొరికే లినక్స్ అనే సిస్టమ్ వేద్దామని నేనన్నాను. అది ఎవరి సొత్తూ కాదు, లోపల ఎలా రాశారో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు, అవసరమైతే మార్చుకోవచ్చు, పాత మెషీన్ల మీద కూడా తేలిగ్గా నడిచే రకాలు ఉంటాయి. మా మెషీన్లతను ఎగిరి గంతేశాడు. పెన్‌డ్రైవుల్లో రకరకాలు ఎక్కించుకొచ్చాడు. అతనికి నచ్చింది పెళ్లికూతురులా మెరిసిపోయేది. తెర మీది కిటికీ మూస్తే పొగలాగా కరిగిపోవాలి, తెరిస్తే పువ్వులా విచ్చుకోవాలి. మా దగ్గర అన్నింటికన్నా పాత మెషీన్ ఒకటి ఉండేది, పిల్లలు దాన్ని 'అవ్వ' అనేవారు. ఆ పెళ్లికూతుర్ని అవ్వ మీద ఎక్కించాం. అందరం పోయి చాయ్ తాగొచ్చినా పువ్వు విచ్చుకోలేదు.

"తమ్ముడూ, ఇగ నీ సోకులు బంద్ వెట్టు. అవ్వ మీద ఏది నడిస్తే అన్నిట్ల అదే ఎక్కిద్దాం" అన్నాను.

"మేడం, గది మస్తు సాదాగుంటది. పిల్లలు బోర్ అయితరు."

"పిల్లలు టైపింగుకు వస్తుర్రు, సినిమాకు గాదు."

చివరికి చూడ్డానికి చప్పగా ఉండే తేలికరకం ఒకటి అవ్వ మీద హాయిగా లేచి కూర్చుంది. ఆన్‌లైన్ ఫారాలు తెరుచుకున్నాయి, ప్రింటరు పలికింది. గౌడవెల్లి అమ్మాయి ఒకతె తాకి చూసి, "గిదేంది మేడం, మునుపటి కన్నా స్పీడున్నది" అంది. ఇక అదే ఖాయం చేశాం. దసరా సెలవుల్లో అన్ని మెషీన్లకూ ఎక్కించే పని అతనికి అప్పజెప్పాం. పాఠాల ఫైళ్లన్నీ వేరే డిస్కులో భద్రం చేశాకే పాతది తుడవమని మరీ మరీ చెప్పాను. అతను అలాగే చేశాడు, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు.

సెలవులకు ముందు ఆఖరి రోజు మా కేంద్రంలో ఎప్పటిలాగే ఆయుధపూజ జరిగింది. కంప్యూటర్లకు బంతిపూలు, కీబోర్డులకు బొట్లు, ప్రింటరు ముందు కొబ్బరికాయ. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఒక తాళం ఉండేది. వేలెడంత ప్లాస్టిక్ ముక్క. దాన్ని ఒక్కో కంప్యూటర్ వెనకా గుచ్చి తీస్తేనే దాంట్లో తెలుగు తెరుచుకునేది. పోకుండా ఎర్రదారం కట్టి గోడకు వేలాడదీసేవాళ్లం కాబట్టి దాని పేరు 'తాయెత్తు' అయింది. ఏటా టైపింగామె దాని వీపు మీద చిన్న బొట్టు పెట్టేది. ఆ ఏడాది గది ఉంటుందో ఊడుతుందో అని ఆమె మనసు మనసులో లేదు. పసుపు తడిపి దానికి నిండుగా పూసింది, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. నేను పక్కనే ఉండి చూశాను, ఆమె బాధ తెలిసి ఏమీ అనలేదు.

సెలవులు అయిపోయి వచ్చాం. మెషీన్లన్నీ కొత్త సిస్టమ్‌తో మెరుస్తున్నాయి. నేను నా బల్ల దగ్గర హాజరు చూసుకుంటున్నాను. టైపింగామె పాఠాల ఫైలు ఒకటి తెరిచింది. అప్పుడే వినబడింది ఆ మాట.

"అక్కా, తెలుగు పోయింది."

"ఏందీ, పోవుడేంది?"

"పోయింది అక్కా. అంత పోయింది. నువ్వే సూడు."

వెళ్లి చూశాను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు, ఎవరో కీబోర్డు మీద పిల్లిని నడిపించినట్టు. ఇంకో ఫైలు తెరిచాం. అదే. ఇంకోటి. అదే. ఏళ్ల తరబడి ఆమె కొట్టి పెట్టుకున్న పాఠాలు, దరఖాస్తు నమూనాలు, పెళ్లిపత్రికలు, పిల్లల చేత చదివించే కథలు, ఒక్కదాంట్లోనూ ఒక్క తెలుగు అక్షరం లేదు. అవ్వ మీద వేసి చూసిననాడు ఒక్క తెలుగు ఫైలైనా తెరిచి చూడాలని మాకెవరికీ తట్టలేదు. కుర్చీ పట్టుకుని నిలబడ్డానన్నది అప్పుడే.

అసలు సంగతి కాసేపటికి నా బుర్రకెక్కింది. ఎక్కాక ఇంకా దిమ్మ తిరిగింది. తెలుగు పోలేదు. అసలు ఎప్పుడూ లేదు. మేం పాత సాఫ్ట్‌వేర్‌లో 'క' అని కొట్టినప్పుడల్లా మెషీన్ లోపల దాచుకున్నది ఏదో ఒక ఇంగ్లీషు గుర్తు. దానికి తెలుగు బొమ్మ తొడిగి మా కళ్లకు చూపించింది ఆ సాఫ్ట్‌వేర్ ఫాంటు. ఫాంటు తీసేసరికి వేషం ఊడింది, లోపలి గుర్తులు బయటపడ్డాయి. ఏళ్లకేళ్లు తెలుగు టైపింగ్ కేంద్రమని బోర్డు పెట్టుకుని నడిపాం కదా, మా మెషీన్లకు అది తెలుగని ఏనాడూ తెలియదు! ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు ఒంట్లో ఏదోలా ఉంటుంది.

మెషీన్లతనికి చెమటలు పట్టాయి. "మేడం, పరేషాన్ గాకుండ్రి. ఒక మెషీన్ల పాతదే మళ్ల ఎక్కిస్త. తాయెత్తు గుచ్చితే అయిపాయె" అన్నాడు. ఎక్కించాడు. పాత టైపింగ్ సీడీ వెతికి వేశాడు. తాయెత్తు గుచ్చాడు. 'తాళం కనబడలేదు' అంది మెషీన్. తీసి మళ్లీ గుచ్చాడు. అదే మాట. చివరికి దాన్ని వెలుతురులో పెట్టి నోట్లోకి తొంగి చూశాడు. లోపల పచ్చగా, గట్టిగా ఎండిపోయిన పసుపు.

టైపింగామె రెండు చేతులతో నోరు మూసుకుంది. "మంచిగుండాలెనని పెట్టిన గదక్కా" అంది. మెషీన్లతను దాన్ని సూదితో గీకాడు, స్పిరిట్‌తో తుడిచాడు, ఊదాడు. అది మళ్లీ నోరు విప్పలేదు. అమ్మిన దుకాణం ఎప్పుడో మూతపడింది, ఆ జాగాలో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

ఆ కంగారులో అతను ఇంకో ఘనకార్యం చేశాడు. బయటికి పోయి జిల్లా ఆఫీసుకు ఫోన్ కొట్టాడు. "సార్, తెలుగు పోయింది సార్" అన్నాడట. ఇంకేముంది, వచ్చే వారం తనే వచ్చి చూసి స్క్రాప్‌కు రాసేస్తానని పెద్దసారు అన్నాడు. నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది. నేను అతన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, అచ్చులో బాగుండవు.

ఇక ఆ వారమంతా మాకు వేరే లోకం లేదు. పాత గుర్తుల్ని అసలు తెలుగులోకి మార్చే ప్రోగ్రాం ఒకటి నెట్‌లో దొరికింది. ముక్కూ మొహం తెలియని తెలుగు పిల్లలెవరో రాసి ఊరికే పెట్టారు. వాళ్ల కడుపు చల్లగుండ! ఒక పాఠం దాంట్లో వేసి చూశాం. పిచ్చి గుర్తులన్నీ కదిలి, తెలుగై కూర్చున్నాయి. టైపింగామెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కొన్ని ఒత్తులు పక్క అక్షరం కిందికి పోయాయి, కొన్నిచోట్ల ముద్దలు పడ్డాయి. అవన్నీ ఆమె చదువుకుంటూ దిద్దుకుంది.

ఫైళ్లు బతికాయి. ఇక మిగిలింది ఆమె వేళ్లు.

కొత్త సిస్టమ్‌లో తెలుగు కీబోర్డు ఉంది కానీ దాని అక్షరాల వరస వేరు. ఆమె వేళ్లు పాత టైపు మెషీన్ నాటి వరసకు అలవాటుపడ్డవి. చూడకుండా, మాట్లాడుతూ, వానలా కొట్టే మనిషి. ఇప్పుడు 'మ' కొడితే 'స' పడుతుంటే పెన్సిలు కొత్తగా పట్టిన పిల్లలా కూర్చుంది. "నాతోని గాదక్కా. పోనియ్యి. చేపలన్న అమ్ముకుంట" అంది. నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, ఆ వరస మీద.

అప్పుడు గుర్తొచ్చింది, ఇది తెరిచి చూసుకోగల సిస్టమ్ కదా అని. కీబోర్డు వరస కూడా అందులో ఒక మామూలు ఫైలే. ఏ కీ కొడితే ఏ అక్షరం పడాలో మనమే రాసుకోవచ్చు. నేను మెషీన్ ముందు కూర్చున్నాను, ఆమె పక్కన కళ్లు మూసుకుని ఉత్త బల్ల మీద వేళ్లు ఆడించింది. "గీ వేలుకు 'ర' అక్కా. గీ వేలు కిందికి పోతే గుడి." ఆమె చెబుతుంటే నేను రాస్తూ పోయాను. తన వేళ్లకు తెలిసింది నోటితో చెప్పడానికి ఆమె ఎంత తంటాలు పడిందో! కొన్నిసార్లు అక్షరం గుర్తురాక, ఒక మాట మొత్తం కొట్టి చూసి, "ఆఁ, గిది!" అనేది.

ఒక్క చోట చిక్కొచ్చి పడింది. తలకట్టు.

పాత వరసలో 'క' కొట్టాలంటే ముందు అక్షరం ఒళ్లు పడాలి, తర్వాత వేరే కీ కొట్టి దాని నెత్తిన తలకట్టు పెట్టాలి. టైపు మెషీన్ల నాటి పద్ధతి అది. కొత్తదాంట్లో అక్షరం తలకట్టుతోనే పుడుతుంది. ఇక ఆ కీతో పనే లేదు. ఖాళీగా ఉంది కదాని దానికి నేను పొల్లు అప్పజెప్పాను. ఒత్తులు కలపడానికి అది కావాలి మరి. ఆమె వేళ్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? అక్షరం పడగానే అలవాటుగా తలకట్టు కొట్టేస్తున్నాయి. కొట్టినచోటల్లా పొల్లు పడుతోంది. 'మనవి' అని కొడితే 'మ్న్వి' అయింది. గౌడవెల్లి అమ్మాయి పగలబడి నవ్వింది.

"ఎంత ఆపుదమన్న ఆగుతలేదక్కా. దాని మీదికే పోతాంది వేలు."

నాకు ఏదో తట్టింది. పొల్లును మూలన ఉన్న ఇంకో కీకి మార్చేశాను. తలకట్టు కీకి ఎదురుగా ఏమీ రాయలేదు. అంటే దాన్ని కొడితే ఏమీ పడదు. అక్షరం చెడదు, కదలదు.

"ఇగ కొట్టుకో నీ తలకట్టు. ఎన్నన్న కొట్టు" అన్నాను.

ఆమె కొట్టింది. టకటకటక వాన మళ్లీ మొదలైంది. అక్షరం, తలకట్టు, అక్షరం, తలకట్టు. తెర మీద శుభ్రమైన తెలుగు పడుతూ పోయింది. ఏమీ చేయని ఆ కీ ఆమె వేళ్లకు ఊపిరి తీసుకునే జాగా అయింది.

పెద్దసారు అన్నట్టే వచ్చాడు. ఆయన కారు వెనకే ఇనుపసామాను కొనేవాళ్ల ట్రాలీ ఆటో వచ్చి గేటు దగ్గర ఆగింది. చూడకముందే తేల్చేసుకుని వచ్చాడన్నమాట! ఆయన గదిలోకి కూడా తొంగి చూడలేదు. చేతిలో చిత్తు కాగితం ఒకటి ఉంది.

"మా ఆఫీసుల టైపిస్టు లీవుల ఉన్నడు. గిది జెర కొట్టియ్యమ్మా, సంతకం పెట్టి పంపుత" అని దాన్ని టైపింగామెకే ఇచ్చాడు.

ఆమె భుజం మీదుగా చదివాను. మా కేంద్రంలోని కంప్యూటర్లు పాతబడి, వాటిలో తెలుగు పని జరగడం లేదనీ, అవి ఇక దేనికీ పనికిరావనీ, కనుక గదిని ఖాళీ చేయించడానికి అనుమతి ఇవ్వాలనీ ఉంది. ఆమె ఉద్యోగం తీసేసే ఉత్తరం ఆమె చేతే కొట్టిస్తున్నాడు! ఆ మనిషికి దురుద్దేశం లేదు, అసలు ఆ ఆలోచనే లేదు. అదే నన్ను ఇంకా నిశ్చేష్టురాలిని చేసింది. సార్ అని నేను నోరు తెరవబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని నొక్కింది.

పోయి అవ్వ ముందు కూర్చుంది. కొట్టింది. ఒక్క తప్పు లేకుండా, ఆగకుండా, తలకట్లతో సహా కొట్టింది. 'పనికిరావు' దగ్గర కూడా ఆమె వేళ్లు ఆగలేదు. మెషీన్లతను గోడకు కరుచుకుపోయి నిలబడ్డాడు. ప్రింటరు కాగితం కక్కింది. తెచ్చి ఇచ్చింది.

సారు కళ్లజోడు పెట్టుకుని చదివాడు. పెన్ను తీశాడు. పెన్ను కాగితం మీద ఆనించి, ఆగాడు.

"గిది దేంట్ల కొట్టినవమ్మా?"

"గీ కంప్యూటర్లనే సార్."

"ఏ కంప్యూటర్ల?"

"పనికిరానిదాంట్ల సార్."

సారు కాగితం చూశాడు, అవ్వను చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. తర్వాత మెషీన్లతని వైపు తిరిగాడు. "మరి తెలుగు పోయిందని ఫోన్ జేసినవు గదనయ్యా నువ్వు?"

"అప్పుడు పోయిండె సార్. మళ్ల అచ్చింది" అన్నాడు అతను, బిక్కమొహం వేసుకుని.

ముందు నవ్వింది సారే. నవ్వి కాగితం ఆమెకు తిరిగిచ్చాడు. "గా పనికిరావును తీసేసి, పనికొస్తున్నయని పెట్టు. గది ఖాళీ చేసుడు ముచ్చట మొత్తానికే తీసెయ్. గా ఆటో ఆయనను కూడ పొమ్మను, ఊకె నిలవడ్డడు." నేను పక్క గదిలోకి వెళ్లి కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోవడానికేముంది.

నేను ఆ తర్వాత కొన్నాళ్లకు రిటైరయ్యాను. ఆమె కాంట్రాక్టు పొడిగించారు. మొన్న అటువైపు పనిపడి కేంద్రానికి వెళ్లాను. కొత్త బ్యాచ్ నడుస్తోంది. పాత సాఫ్ట్‌వేర్ పేరు కూడా వినని పిల్లలు, తాయెత్తును గోడ మీది దిష్టిబొమ్మ అనుకునే పిల్లలు. వాళ్ల వెనక నిలబడి చూస్తూ ఉండిపోయాను.

అక్షరం కొడుతున్నారు, వెంటనే తలకట్టు కీ కొడుతున్నారు. అక్షరం, తలకట్టు. అందరూ. ఏమీ పడని ఆ కీ మీద అందరి వేళ్లూ ఒక్కలాగే పడుతున్నాయి.

"అదెందుకమ్మా కొడుతున్నవు? దాంతోటి ఏం వస్తది?" అని ఒక పిల్లను అడిగాను.

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "ఏం రాదు మేడం. కాని తెలుగు గట్లనే కొడ్తరు" అంది.

నేను మా టైపింగామె వైపు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నన్ను చూడకుండా తల తిప్పుకుంది.